చెవి ఎత్తున పెట్టిన సౌండు పెట్టెలు

రండమ్మా, రండి బాబూ, దగ్గరికి జరిగి కూర్చోండి. ఆ వెనకాల గోడకి ఆనుకున్నాయన కూడా ముందుకి రావాలి. నా గొంతుకి వైర్లు లేవు, అంతదూరం రాదు. పిల్లల చేతిలో తలో జంతికా పెట్టండి. ముందుగా ఆ లక్ష్మీదేవికి ఓ నమస్కారం. పెట్టారా? ఇక వినండి.

చింతలమెరకలో పేర్రాజు, బుల్లిరాజు అని ఇద్దరు అన్నదమ్ములు. ఊళ్ళో ఉన్న తెలివంతా తమ ఇంట్లోనే మకాం పెట్టిందని వాళ్ళ నమ్మకం. వానొస్తే గొడుగు తడిసిపోతుందని చంకలో దాచుకుని, తాము తడుస్తూ వచ్చేవారు. "ఎంత ముందుచూపండీ మీకు!" అంటూ పేర్రాజు భార్య సూరీడమ్మ తలలు తుడవడానికి తువ్వాలు తెచ్చేది. బుల్లిరాజు భార్య వెంకాయమ్మ ఆ తువ్వాలు లాక్కుని గొడుగు తుడిచేది. ఇల్లంటే అలా ఉండాలి!

ఆ ఏడు సూరీడమ్మకి ఒకటే కోరిక. వాళ్ళమ్మ కాలం చేశాక వస్తున్న మొదటి వరలక్ష్మీ వ్రతం. ప్రతి శ్రావణంలోనూ ఆ మహాతల్లే వచ్చి హారతి పాట పాడేది. ఆ పాట ఒక క్యాసెట్‌లో ఉండిపోయింది. పాట మధ్యలో ఆవిడ దగ్గుతుంది. ఆపి, "సూరీడూ, పాలు పొంగుతున్నాయే!" అని కేకేస్తుంది. మళ్ళీ అందుకుంటుంది. ఆ దగ్గుతో సహా అమ్మ గొంతు హారతివేళకి ఇంట్లో వినబడాలి. ఇంకేమీ అక్కర్లేదు సూరీడమ్మకి. పాత టేప్‌రికార్డరేమో మూలపడింది.

"దానికేం, క్యాసెట్లు వేసే పెద్ద సౌండు సెట్టే కొందాం" అన్నాడు పేర్రాజు. ఇంకేముంది, నలుగురూ తణుకు బస్సెక్కారు.

కొట్టు నిండా మగాళ్ళే. ఒకాయన పెట్టెని తడుముతున్నాడు. ఒకాయన దాని వెనక్కెళ్ళి వైర్ల వంక చూసి కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఆడవాళ్ళంటే వీళ్ళిద్దరే.

"ఇదేంటండీ, ఆడవాళ్ళెవరూ రారా?" అంది సూరీడమ్మ.

కొట్టాయన నవ్వాడు. "ఈ పిచ్చి మగవాళ్ళకేనమ్మా. ఆడవాళ్ళొస్తే పాట అడుగుతారు. మగవాళ్ళొస్తే పెట్టె అడుగుతారు. ఎందుకో నాకూ తెలీదు."

"నాకు తెలుసండి" అన్నాడు బుల్లిరాజు. "ఆడవాళ్ళ చెవులకి చిల్లులుంటాయి కదండీ. లోపలికెళ్ళిన సౌండు ఆ చిల్లుల్లోంచి కారిపోద్ది. మాకు చిల్లుల్లేవు. నిలవుంటది."

"ఆయ్! నిలవుండబట్టే కాబోలు, మీ బుర్ర దగ్గర పులిసిన వాసన" అంది వెంకాయమ్మ.

సూరీడమ్మ మాత్రం అది నిజమేననుకుంది. అమ్మ పాట కారిపోతే? ఇంటికి రాగానే దుద్దులు తీసేసి, చెవుల చిల్లులన్నీ మైదాపిండితో మెత్తేసింది.

సెట్టు కొనుక్కుని కొట్లోంచి బయల్దేరేముందు కొట్టాయన పాపం మంచికే నాలుగు మాటలు చెప్పి పంపాడు. "పెట్టెలు మీ చెవి ఎత్తున పెట్టండి. పెట్టెకీ మీకూ మధ్య ఏమీ అడ్డుండకూడదు. గోడలకి మెత్తటి గుడ్డలు కడితే సౌండు మొత్తుకోదు. కొత్తది కదా, కొన్నాళ్ళు కొత్త కోడలిలా చూసుకోండి, గొంతు మెల్లిగా విచ్చుకుంటుంది."

అంతే. నాలుగు మాటలూ నలుగురూ బుర్రకెక్కించుకున్నారు.

చావట్లో బల్లమీద రెండు పెట్టెలూ పెట్టి, అన్నదమ్ములు కుర్చీల్లో కూర్చున్నారు. పేర్రాజు పొడుగు, ఆయన చెవి పెట్టెకంటే పైనుంది. ఆయన కుర్చీ కాళ్ళు కోశారు. ఇప్పుడు బుల్లిరాజు చెవి పైకొచ్చింది. అతని కుర్చీ కాళ్ళూ కోశారు. అన్న చెవి మళ్ళీ పైకొచ్చినట్టనిపించింది. కోస్తూ కోస్తూ ఉండగా కోయడానికి కాళ్ళు లేకుండా పోయాయి. ఇద్దరూ నేలమీదున్నారు, పెట్టెలు మాత్రం బల్లమీదే ఉన్నాయి.

"బల్ల తీసేద్దాం అన్నయ్యా."

"తీసేస్తే పెట్టెలు నేలమీదుంటాయి. నేను పడుకుని వింటాను కదరా, అప్పుడు నా చెవి నేలకి ఆనుతుంది. పెట్టె ఇంకా కిందికి దిగాలి!"

ఇంకేముంది, గునపం తెచ్చి చావడి మధ్య గుంట తవ్వారు. పెట్టెలు అందులోకి దింపారు.

తరవాత అడ్డు సంగతి. బుల్లిరాజు చొక్కా విప్పేశాడు. "చొక్కా అడ్డే కదా!" పేర్రాజు బనీను కూడా విప్పేశాడు, పెద్దవాడు కదా. సూరీడమ్మ కాఫీ పట్టుకొస్తే, "ఏమే, సౌండుకి అడ్డం రాకు!" అని గదిమాడు. పాపం ఆవిడ పెరట్లోంచి ఇల్లు చుట్టి వచ్చి, కిటికీలోంచి కాఫీ వాళ్ళ వెనకనుంచి అందించింది. అందింది. వీపులకే అందింది.

పిమ్మట మెత్తటివి. పరుపులు, దిళ్ళు, పట్టుచీరలు అన్నీ గోడలకెక్కించి మేకులు కొట్టారు. మరి మధ్యాహ్నం కునుకెలా? నలుగురూ గోడ పరుపులకి ఆనుకుని నిలబడి నిద్రపోయారు. "నిలబడి పడుకుంటే ఎంత హాయిగా ఉందక్కా, లేవక్కర్లేదు!" అంది వెంకాయమ్మ.

అంతా అయ్యాక సూరీడమ్మ క్యాసెట్ పట్టుకొచ్చింది. "ఏవండీ, అమ్మ పాట ఒక్కసారి..."

"పాటా?" పేర్రాజు అదిరిపడ్డాడు. "ఇంత పెట్టె కొని ఎవరైనా పాట వింటారా? పెట్టె అరిగిపోదూ?"

మరి వాళ్ళు వినేదేమిటి? ఏమీ పెట్టకుండా మీట నొక్కితే సుయ్యిమని ఓ చప్పుడొచ్చేది. "ఆహా, ఎడంపక్క సుయ్యి చూశావా తమ్ముడూ!" "కుడిపక్క సుయ్యి ఇంకా చిక్కగా ఉంది అన్నయ్యా!" పొద్దస్తమానం ఇదే.

సూరీడమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "వదినా, ఏడవకు" అన్నాడు బుల్లిరాజు. "శుక్రవారానికి పాడించే పూచీ నాది. కాకపోతే కొత్త కోడలు కదా, ముందు మంచి చేసుకోవాలి."

ఇది మాత్రం ఆడవాళ్ళకి బాగా తెలిసిన విద్య! రెండు పెట్టెలకీ బొట్టు పెట్టారు, పూలు చుట్టారు. "మీ పుట్టింటివాళ్ళు కాఫీ తాగుతారా అమ్మా?" అని కుశలం అడిగారు. చొక్కాల్లేని మగాళ్ళని, "కోడళ్ళ ముందు ఆ వాలకమేంటండీ!" అని పెరట్లోకి తరిమారు. కొత్త కోడలికి తీపి తినిపించాలి కదా, గురువారంనాడు సూరీడమ్మ పరమాన్నం వండింది. పెట్టెకి గుండ్రంగా ఓ కన్నం కనిపించింది. "నోరు తెరిచే ఉందక్కా, ఆకలేసినట్టుంది" అంది వెంకాయమ్మ. అంతే, గరిటెడు గరిటెడు పోశారు. రెండు కోడళ్ళూ మారాం చెయ్యకుండా తాగేశాయి.

శుక్రవారం పొద్దున మీట నొక్కితే పాటా లేదు, సుయ్యీ లేదు. గుంట చుట్టూ చీమలు బారులు తీరాయి. "చూశారా, చీమలు కూడా పాట వినడానికొచ్చాయి!" అన్నాడు పేర్రాజు. గొంతు పట్టేసిందేమోనని పెట్టెల్లో మిరియాల కషాయం పోశారు. టప్పుమని ఒక పొగ వచ్చి ఊరుకుంది.

వాకిట్లోకి పేరంటాళ్ళు వచ్చేశారు. కలశం ముందు దీపం వెలుగుతోంది. వెంకాయమ్మ తను కట్టుకోవాల్సిన పట్టుచీర గోడ మేకుల్లోంచి పీకితే సౌండు పాడైపోతుందని, పీకకుండా అక్కడే దాన్ని ఒంటికి చుట్టుకుని, గోడని వదలకుండా నిలబడింది. పళ్ళెంలో కర్పూరం వెలిగించారు. సూరీడమ్మ చేతిలో క్యాసెట్ ఉంది. పాడేవాళ్ళెవరూ లేరు. కర్పూరం కరిగిపోతోంది.

"అమ్మా లక్ష్మీ, ఇంత చేసి నీకు హారతి పాట లేకుండా చేస్తామా?" అనుకుంది. అనుకుని, నోరు తెరిచింది.

ఏం చెప్పమంటారు! అచ్చం వాళ్ళమ్మే. అదే రాగం, అదే సాగదీత. సగంలో దగ్గింది. ఆపి, "సూరీడూ, పాలు పొంగుతున్నాయే!" అని కేకేసింది. వంటింటి గుమ్మంలో ఉన్న పేరంటాలొకావిడ లోపలికి పరుగెత్తింది. పాలు నిజంగానే పొంగుతున్నాయి! ముసలమ్మలు కొంగులతో కళ్ళొత్తుకున్నారు. పేర్రాజు కూడా ముక్కు చీదాడు.

చీది, "ఒరేయ్ బుల్లీ! సౌండు మీ వదిన్లోంచి వస్తోందిరా! చెవి ఎత్తున పెట్టాలి!" అన్నాడు.

ఇంకేముంది, పెట్టెలు పైకి తీసి, సూరీడమ్మని గుంటలోకి దింపారు. ఆవిడ మహా గర్వంగా దిగింది, పాట ఆపకుండా. పాట అయిపోయింది. మళ్ళీ మొదలెట్టింది. మళ్ళీ దగ్గింది, మళ్ళీ పాలన్నది.

"అక్కా, చాలే, శనగలు పంచాలి!" అంది గోడ దగ్గర్నుంచి వెంకాయమ్మ.

పెట్టె ఎక్కడైనా దానంతటది ఆగుతుందా? ఎవరో ఆపాలి గానీ! మీట కోసం వెతికారు, దొరకలేదు. ఆఖరికి గోడకంటుకున్న వెంకాయమ్మ చెయ్యి చాపి, పక్కనే ఉన్న మెయిన్ స్విచ్చి లాగేసింది. అంతే, సూరీడమ్మ సగం మాటలో ఠక్కున ఆగిపోయింది.

"హమ్మయ్య! లేచి రావే" అన్నాడు పేర్రాజు.

ఆవిడ ఉలకదు, పలకదు. కరెంటు లేకపోతే ఎలా లేస్తుంది? సరే లేపుదామని వెంకాయమ్మ స్విచ్చి వేసింది. సూరీడమ్మ ఆగిన అక్షరం దగ్గరే అందుకుంది. ఇక చేసేదేముంది, పేరంటాళ్ళంతా గుంట చుట్టూ కూర్చుని, ఆ పాట వింటూనే శనగలు తినేసి ఇళ్ళకెళ్ళారు.

ఈ కథలో మిగతావన్నీ మర్చిపోండి. ఒక్క పని మాత్రం గుర్తుపెట్టుకోండి. కర్పూరం కరిగిపోతుంటే సూరీడమ్మ నోరు తెరిచి పాడింది చూశారూ, అది. ఈ శుక్రవారం మీ ఇళ్ళలో మీరూ పాడండి. మగాళ్ళు కూడా పాడండి, చెవులకి చిల్లుల్లేకపోయినా ఫర్వాలేదు. మీ అమ్మ పాడినట్టు పాడండి. దగ్గొస్తే దగ్గండి, ఆ తల్లి ఏమీ అనుకోదు. గుంటలోకి మాత్రం దిగకండి!