ధుని మీద తడిమన్ను

మధ్యాహ్నం మూడు దాటింది. గాలి స్తంభించింది. ఎండ పొగలో చిక్కుకుని రాగిరంగుకు తిరిగింది.

ఇప్పపూలు ఏరుకోవడానికి వీలుగా ఉంటుందని చెట్టుకింది ఆకులు ఎవరో కాల్చారు. ఆ నిప్పు కొండమీదికి పాకింది. పొగ ఊళ్లోకి దిగేసరికి అందరం జానకమ్మగారి ఆశ్రమం చేరాం. రాతిగోడలు, గట్టి తలుపులు. సందుల్లో తడిగుడ్డలు కుక్కి, ఇక భయం లేదనుకున్నాం.

హాలు నడుమ గుండంలో ధుని మండుతోంది. జానకమ్మగారి గురువు వెలిగించిన అగ్ని అది, ఏనాడూ ఆరలేదు. దాన్ని కాచుకోవడమే శిష్యుడు కేదారయ్యకు తపస్సు. ఆ పూట ఇంకో కట్టె ఎగదోసి అందరికీ విభూతి పంచాడు.

నా కూతురు హైమకు పిల్లికూతలు మొదలయ్యాయి. ఆయాసం మందు డబ్బా నోట పెట్టి పీల్పించాను. తగ్గలేదు.

"విభూతి ఇంకాస్త పెట్టించు. ఆ డబ్బా మీదున్న నమ్మకం దేవుడి మీద లేదు నీకు" అంది మా అత్త.

పెట్టించాను. కూత పెరిగింది.

"ధుని చల్లార్చు కేదారయ్యా" అన్నారు జానకమ్మగారు.

ఆయన నిర్ఘాంతపోయాడు. "అమ్మా, ఇన్నేళ్లూ మనల్ని కాపాడిన అగ్ని. ఆపద వచ్చిన రోజే ఆర్పుకుంటే మనకింక దిక్కేది?"

ఆవిడ వాదించలేదు. "ఆ పిల్ల వీపుకు చెవి ఆనించి, అప్పుడు అడుగు."

హైమ మోకాళ్ల మీద చేతులు మోపి ముందుకు వంగి కూర్చుంది. పక్కటెముకలు లోపలికి లాక్కుపోతున్నాయి. కేదారయ్య చెవి ఆనించాడు. చాలాసేపు లేవలేదు.

లేచాక ఏమీ అడగలేదు. ముఖానికి గుడ్డ చుట్టుకుని పెరటి తలుపున వెళ్లి, గంపలో తడిమన్ను తెచ్చాడు. ఎవరో బిందె ఎత్తబోతే వారించాడు.

"నీళ్లొద్దు. బూడిద లేస్తుంది."

రెండు చేతులా మన్ను మెత్తగా పరిచాడు. ఆయన కళ్లు కారుతున్నాయి. పొగకో, మరెందుకో, ఎవరూ అడగలేదు.

దీపాలవేళకు కూత సన్నబడింది. "ఆకలేస్తోందమ్మా" అంది హైమ.

తెల్లారి గాలి తిరిగి, పొగ కొండవతలికి పోయింది. బయల్దేరుతుంటే కేదారయ్య గుండం దగ్గర నిలబడి ఉన్నాడు.

"అమ్మా, మళ్లీ ఎప్పుడు రగిలించమంటారు?"

జానకమ్మగారు గుండం వైపు చూడలేదు. "ముందు ఈ పిల్లను ఇంటికి చేర్చు నాయనా."

మా గడపలో నిలబడి లెక్క చూసుకున్నాను. మా అత్త. నేను. కేదారయ్య భుజం మీద, చప్పుడులేని నిద్రలో, హైమ.