సగం చెంబు తిప్పక్క

రాళ్ళింకా మెత్తగా ఉన్న కాలంలో, గొర్రెలకు మాటలు పోయి మనుషులకు వచ్చిన కొత్తలో, ఎర్రగుట్టల కింద ఒక ఊరుండేది. ఆ ఊరి జీవాలన్నింటినీ మేపేది తిప్పక్క. జీవాలంటే గొర్రెలూ మేకలూ. మనుషులను మేపడం ఇంకా కష్టం, ఆ పని ఆమె పెట్టుకోలేదు.

తిప్పక్క మొగుడు పాము కరిచి పోయాడు. మూడు దినాలు ఆమెకు కన్ను మూతపడలేదు. వైద్యుడు సిద్ధప్ప నల్లమందు మాత్ర ఇచ్చాడు. "వేసుకోమ్మే, నిద్రొస్తాది" అన్నాడు. వచ్చింది. ఒక దినానికని ఇచ్చిన మాత్ర మూడేండ్లు నడిచింది. ఒకనాడు మిట్టమధ్యాహ్నం మంద దగ్గరే తూగింది. లేచి చూస్తే మూడు గొర్రెపిల్లలు లేవు. తోడేలు ఎత్తుకుపోయింది. ఆ దినమే తిప్పక్క మాత్రల బుడ్డిని వంక నీళ్ళలో పారేసింది.

అప్పటినుంచి చేతులు వణికాయి. అరికాళ్ళు మండాయి. చెవుల్లో కీచురాయి కాపురం పెట్టింది. నెల పోయింది, ఆరు నెలలు పోయాయి, ఏడాది పోయింది. ఒళ్ళు చెప్పింది, ఊరు నమ్మలేదు.

"మందు పది దినాల్లో దిగిపోతాది. ఇది నీ మనసు అల్లుకున్న గూడు" అన్నాడు సిద్ధప్ప.

"గూడు అల్లే తీరిక నాకు యాడిది సామీ? పొద్దంతా నీ మేకల వెనకే తిరుగుతాండా కదా."

ఊరిపెద్ద వీరారెడ్డి రచ్చకట్ట మీద తీర్పు చెప్పాడు. "మనసు చెదిరినదాని చేతిలో జీవాలు పెట్టలేం. మళ్ళా మాత్ర వేసుకుని కుదురుగా ఉండు. లేదంటే మంద వదులు."

మాత్ర వేసుకుంటే తోడేలు. వేసుకోకపోతే ఆకలి. మంద తప్ప తిప్పక్కకు ఈ భూమ్మీద ఎవరున్నారు?

సిద్ధప్ప పిడికిలి చాపాడు. "ఇది విరుగుడు. మూడు కొండల అవతల నుంచి తెప్పించినా. మింగు."

మింగింది. నీడ జానెడు జరిగేసరికి వణుకు ఆగింది. చేతులు రెండూ రాతిలా నిలిచాయి.

"పొయ్యిలో బూడిదా, చిటికెడు బెల్లం" అన్నాడు సిద్ధప్ప. ఊరు పడీపడీ నవ్వింది.

తిప్పక్క నవ్వలేదు, ఏడవలేదు. తన చేతులవంక చూసుకుంది. తన చేతులే తన మీద సాక్ష్యం చెప్పాయి. అయితే ఏడాదిగా నేను అబద్ధమా అనుకుంది. అయినా అడిగింది.

"సామీ, రేపూ ఇదే పెట్టు. ఎల్లుండీ ఇదే పెట్టు."

రెండోనాడు బూడిదకు వణుకు సగమే తగ్గింది. మూడోనాడు ఏమీ తగ్గలేదు. ఒళ్ళు చెప్పింది, ఊరు నమ్మలేదు.

"బెల్లం తక్కువైనట్టుంది" అన్నాడొకడు.

తిప్పక్క చెంబునిండా నీళ్ళు అడిగింది. అంచుదాకా నింపి ఇచ్చారు. చేతిలో పట్టుకుంది. నీళ్ళు తొణికి నేల మీద పడ్డాయి.

"నటన" అన్నారు వెనకనుంచి.

"ఈ ఊళ్ళో మాత్ర తిని మానింది నేనొక్కదాన్నేనా?" అంది తిప్పక్క.

మంత్రసాని మారెమ్మ లేచింది. "ఇటియ్యి" అంది. చెంబు మళ్ళా నింపారు. తొణికింది. కమ్మరి ఓబన్న లేచాడు, ఎద్దులాంటి మనిషి. తొణికింది. "దెబ్బ తప్పినప్పుడల్లా ఇనుము మంచిది కాదని తిడుతుంటి" అన్నాడు తల వంచుకుని.

మూడోసారి లేచింది చౌడమ్మ. సిద్ధప్ప పెండ్లాం.

"నువ్వెందుకు?" అన్నాడు సిద్ధప్ప. చౌడమ్మ చెంబు అందుకుంది. నీళ్ళు మొగుడి పాదాల మీద పడ్డాయి.

నవ్వినవాళ్ళ నోళ్ళు తెరిచినవి తెరిచినట్టే ఉన్నాయి.

"నువ్వు మానేసి పదేండ్లాయె" అన్నాడు సిద్ధప్ప.

"పదకొండు."

"నాకెందుకు చెప్పలేదు?"

"తిప్పక్కకు చెప్పిన మాటే నాకూ చెబుతావని. ఇన్నేండ్లూ నీకు సగం చెంబే ఎందుకిస్తాననుకున్నావు? నా పెండ్లాం పొదుపరి అని ఊరంతా చెప్పుకుంటివి."

సిద్ధప్ప చెంబు అందుకుని కింద పెట్టాడు. అన్నేండ్లుగా ఊరందరి నాడులూ పట్టిన మనిషి, ఇంట్లో ఉన్న ఒక్క చెయ్యీ పట్టి చూడలేదు.

అప్పుడు తిప్పక్క అంది. "మనసో ఒళ్ళో నాకు తెలీదు సామీ. బూడిదకు ఒకనాడు ఆగింది, లేదనను. మనసే అయితే దానికి మందెయ్యి. ఒళ్ళే అయితే దీనికెయ్యి. నీళ్ళయితే నేల మీదున్నాయి."

వీరారెడ్డి మందను ఆమె చేతికే ఇచ్చాడు. వణుకు తర్వాత తగ్గిందని కొందరంటారు, పోయేదాకా ఉందని కొందరంటారు. మాత్ర మాత్రం మళ్ళా ముట్టలేదు. ముసలిదై, మంద మధ్యలోనే కన్నుమూసింది.

ఇప్పటికీ ఆ ఊరికి చుట్టం పోతే చెంబులో సగానికే నీళ్ళిస్తారు. కొత్తవాళ్ళకు కోపమొస్తుంది, నీళ్ళకు కూడా పిసినారితనమా అని. "తిప్పక్క కొలత, నాయనా. ఎవరి చెయ్యి ఎట్లుందో మాకేం తెలుసు?" అంటారు అక్కడి ఆడవాళ్ళు. మళ్ళా అడిగితే మళ్ళా సగమిస్తారు. ఎన్నిసార్లడిగినా విసుక్కోరు. తొణికితే ఎందుకు తొణికిందని అడగరు, తుడుస్తారు.