దండ పడిన కన్ను

దర్జీ గవర్రాజు ఇంట్లో తెలివి పొంగి పొర్లుతుంటుంది. "ఎవరే మాట చెప్పినా అక్షరం తప్పం" అని ఆ ఇంటిల్లిపాదికీ మహా గొప్ప. ఆ గొప్పే ఆయన కంటికి చేటు తెచ్చింది.

సూదిలో దారం ఎక్కించే కుడికంట్లో ఎర్రటి రక్తనాళాలు పుట్టుకొచ్చి నల్లగుడ్డు వైపు పాకుతున్నాయి. ఆ కన్ను పోతే కుట్టుమిషను మూలపడ్డట్టే. ఆసుపత్రిలో డాక్టరమ్మ, "భయం లేదు. సూది పొడవను, కంటిని ముట్టుకోను. ఆ నాళాల్లో రక్తం ఎలా పారుతోందో ఫోటో తీస్తానంతే" అంది.

ఫోటో అంటే ఇంకేముంది! భార్య నూకాలు ఆయన మొహానికి పౌడరు దట్టించింది. కొడుకులు సన్యాసి, పైడియ్య తలలు దువ్వుకుని నాన్నకి చెరోపక్కా ఫోటోమిషన్లోకి దూరారు. డాక్టరమ్మ వాళ్ళని బయటికి లాగి, "చెప్పేదాకా రెప్ప వేయకండి" అంది గవర్రాజుతో. ఫోటో బాగానే వచ్చింది. ఆవిడ దానిమీద వేలుపెట్టి, "ఇదిగో, ఈ ఎర్రగా ఉన్నచోట రోజూ ఈ చుక్కలమందు వేయండి" అని ఫోటో, మందుసీసా చేతికిచ్చి పంపేసింది. రెప్ప వేయమని మాత్రం చెప్పలేదు.

అంతే. బస్సులో దుమ్మంతా ఆ కంట్లోనే పడింది. ఊరు చేరేసరికి కన్ను మిరపపండు. చివరికి నూకాలే, "నేనే డాక్టరమ్మననుకుని రెప్ప వెయ్యవయ్యా!" అంటే వేశాడు.

నూకాలు ఫోటోని బల్లమీద పరిచి మందు వేయబోయింది.

"మండిపోతోందే, ఓ చుక్క నా కంట్లో వెయ్యవే" అన్నాడు గవర్రాజు.

"చాల్లే! ఆవిడ వేలెక్కడ పెట్టింది? ఫోటో మీద. కంటిని ముట్టుకోనని కూడా చెప్పింది."

చుక్క పడగానే ఎరుపు కరిగింది. "తగ్గిపోతోందే!" అని గంతులేసి సీసా అంతా వంపేశారు. ఎరుపు పోయింది, నలుపూ పోయింది, తెల్లకాగితం మిగిలింది.

"నాన్న కన్ను పోయిందిరోయ్!" అని పైడియ్య గొల్లుమన్నాడు. ఇంకేముంది, కాగితానికి ఫ్రేము కట్టించి, గోడకి తగిలించి, బంతిపూల దండ వేసి, దీపం పెట్టారు.

"నాకు కనిపిస్తోందిరా!" అన్నాడు గవర్రాజు.

"దండ పడ్డాక కనిపించడమేంటి నాన్నా? నలుగురూ నవ్విపోరూ?" అని సన్యాసి కసిరాడు.

గవర్రాజు ఎడమకన్ను మూసి, కుడికంటితో ఆ దండని తేరిపార చూశాడు.

"నిజమేరా. మంచి కన్ను, పాపం" అని ఆ కంటితోనే బోరున ఏడ్చాడు.