చుక్కల చుట్టం

అనగనగా, రాజులు పండితుల చేత ఆకాశంలో చుక్కలు లెక్కపెట్టించే రోజుల్లో, నూకాలు అనే పదేళ్ల పిల్ల ఉండేది. అమ్మ లేదు, నాన్న లేడు. ఉన్నవల్లా రెండు వందల బాతులు. కోసిన చేలలో రాలిన గింజల కోసం వాటిని ఊరూరా తోలుకుపోయేది. ఏ ఊళ్లోనూ పది రోజులు ఉండదు కనుక నేస్తాలు కుదరలేదు. పలకరించే మనిషి కోసం ఆ పిల్ల మొహం వాచి ఉండేది.

ఒకనాటి ఉదయం ఆకాశం నుంచి నీలిరంగు మిణుగురు ఒకటి రాలి, సరాసరి ఆమె నుదుటిలో దూరింది.

"భయపడకు పిల్లా! నాది చుక్కల అవతలి లోకం. నాకు ఒళ్లు లేదు, నీ ఒంట్లో ఉంటాను. ఇక నీకు తోడు నేనే," అంది లోపలి నుంచి ఒక గొంతు.

"ఎన్నాళ్లైనా ఉండు చుట్టమా!" అని నూకాలు ఎగిరి గంతేసింది. పాపం, ఆ చుట్టం తన నోరు కూడా తీసుకుంటుందని ఆమెకేం తెలుసు?

మొదట ఒక వర్తకుడు దారిన పోతూ, "వాన ఎప్పుడు పడుతుందో!" అన్నాడు. "ఎల్లుండి మధ్యాహ్నం," అంది నూకాలు నోరు. అన్నట్టే కురిసింది. ఆ సాయంత్రం ఆమె కేకేస్తే బాతులు ఆలోచించి ఆలోచించి వచ్చాయి.

ఆ సంగతి విని మంత్రి వచ్చి, "రాబోయే గ్రహణం ఎప్పుడు?" అన్నాడు. పండితులకు తట్టని లెక్క నూకాలు నోరు చిటికెలో చెప్పింది. ఆనాడు సగం బాతులు మెడలు చాచి చూశాయే తప్ప కదలలేదు. కర్ర పట్టుకుని వాటి వెంట పరుగెత్తాల్సి వచ్చింది.

మూడోసారి సాక్షాత్తూ రాజే వచ్చి పల్లకి దిగాడు. "అమ్మాయీ! నా కొలువుకు రా. నాకు సలహాలు చెప్పు, నా పిల్లలతో ఆడుకో," అన్నాడు.

నూకాలు గుండె పొంగింది. అంతలో చేల పక్కనున్న ఏటి వైపు చూసి కొయ్యబారిపోయింది. బాతులన్నీ మొసళ్ల మడుగు వైపు ఈదుతున్నాయి! కేకేసింది. ఆ గొంతు ఆమెది కాదు. ఒక్క బాతూ వెనక్కి తిరగలేదు.

"బయటికి నడువు!" అంది మనసులో.

"నేను పోతే నీకెవరూ ఉండరు. రాజు కూడా రమ్మనడు," అంది చుట్టం.

"రమ్మనకపోతే పోనీ! నా బాతులు నమ్మింది నా గొంతుని. నా గొంతు నాకిచ్చెయ్."

చుట్టం సిగ్గుపడి బయటికొచ్చింది. నూకాలు గుండెల నిండా ఊపిరి పీల్చి, "దా... దదదా!" అని కేకేసింది. రెండు వందల తలలూ ఒక్కసారిగా తిరిగాయి. బాతులు గోలగోలగా గట్టెక్కాయి.

"మహారాజా, ఆ జవాబులు నావి కావు, ఈ మిణుగురువి. నాకు బాతుల సంగతి తప్ప మరేం తెలియదు," అంది నూకాలు.

రాజు పకపకా నవ్వాడు. "తెలియదు అనే మాట నా కొలువులో ఇంతవరకు ఎవరి నోటా వినలేదు. నీ బాతులతో సహా రా తల్లీ!"

మిణుగురు ఇంకా గాలిలోనే బిక్కుబిక్కుమంటోంది. "నాకూ ఎవరూ లేరు," అంది.

"అలాగని ఒంట్లో దూరతారా? రా, పక్కన కూర్చో," అని నూకాలు తన భుజం చూపించింది.

తోడు కోసం ఎవరూ తమ గొంతు వదులుకోకూడదు. మనల్ని మనలా ఉండనిచ్చేవాళ్లే నిజమైన నేస్తాలు.