నక్క పెట్టిన చెక్క

కొల్లేటి గట్టు మీద ఒక పాక. అందులో పోలన్న అనే ముసలి ఎద్దు, పక్క దడిలో ఒక బాతుల మంద కాపురం. మందలో చంద్రి అనే బాతుకు నోరెక్కువ, మనసు మెత్తన. ఎండ మండినప్పుడల్లా పోలన్న నీడలో కునుకు తీసేది. అతన్ని బాబాయ్ అని పిలిచేది.

గురవడనే గుంటనక్క ఆ మందతో స్నేహం కలిపాడు. నూనె మిల్లు వెనక పారేసిన వేరుశనగ చెక్క తెచ్చి పెట్టి, బదులుగా గుడ్లు పట్టుకెళ్లేవాడు. చెక్క నిండా ఆకుపచ్చని బూజు. ఇదేమిటని పోలన్న అడిగితే, పాత చెక్కకే బలమెక్కువని బుకాయించాడు. అందరికన్నా ఇష్టంగా తిన్నది చంద్రి.

ఏడాది తిరిగేసరికి చంద్రి పొట్ట ఉబ్బింది, మెడ చిక్కింది. ఒళ్లు చేసిందని నక్క మెచ్చుకున్నాడు. నక్క మెచ్చిన ఒళ్లు ఎవరి మేలుకని పోలన్నకు గుబులు పట్టుకుంది. వైద్యం తెలిసిన గూడకొంగ మంగతాయారును బతిమాలి పిలుచుకొచ్చాడు.

మంగతాయారు ముక్కుతో పొట్ట తడిమి చూసి, పోలన్నను పక్కకు పిలిచింది.

"కాలేయంలో గడ్డ లేచింది అన్నయ్యా. అక్కడ కంటికి ఆనని కణాలుంటాయి. వాటిలో ఎంజైములనే కబురుగాళ్లు. దెబ్బ తగిలితే 'పెరుగు' అన్న కబురు ఒకడి నుంచి ఒకడికి అందిస్తారు. గాయం మానగానే ఊరుకుంటారు. బూజు విషానికి కణం పాడై, ఇప్పుడొకడు ఊరుకోవడం మరిచిపోయాడు. అవసరం లేకపోయినా పెరుగు, పెరుగు అంటూనే ఉన్నాడు. కణాలు వింటూనే ఉన్నాయి."

"బతుకుతుందా?" అన్నాడు పోలన్న.

"ఆ కబురుగాడి నోటికి అడ్డంపడే మందిస్తాను. గడ్డ కరుగుతుందని మాటివ్వలేను, పెరగడం ఆగొచ్చు. ముందు ఆ చెక్క మానాలి."

పోలన్న మందకు ఈ సంగతి చెప్తే ఒక్క బాతూ నమ్మలేదు. రుచి మరిగిన నోటికి హితం చేదు. ఇంతలో గురవడు రానే వచ్చాడు. చంద్రికి జబ్బని విని కళ్లు తుడుచుకుని, తుప్పల అవతల గొప్ప వైద్యుడున్నాడని, తానే మోసుకెళ్తానని అన్నాడు.

పోలన్న తొందరపడలేదు. దూరాభారం కదా అని, ముందు నక్కనే రెండు ముక్కలు చెక్క తిని బలం తెచ్చుకోమన్నాడు. నక్క ఆకలి లేదన్నాడు. పోలన్న వదల్లేదు, కొసరికొసరి బతిమాలాడు. మంద మెడలు చాచి చూస్తోంది.

"పోనీ, బూజు లేని వైపు చూసుకుని ఒక్క ముక్క కొరుకు నాయనా."

నక్కకు విసుగొచ్చింది. "విషం పట్టని ముక్క అందులో ఎక్కడేడిసింది?" అనేశాడు.

మరుక్షణం బాతులన్నీ ముక్కులు చాచి మీదపడ్డాయి. పోలన్న కొమ్ములు వంచాడు. గురవడు తోక కాళ్ల మధ్య పెట్టుకుని, బురదలో పడుతూ లేస్తూ పారిపోయాడు. మళ్లీ ఆ గట్టు ఎక్కలేదు.

చంద్రి మందు చేదని రోజూ పోట్లాడేది. పోలన్న రోజూ బుజ్జగించి మింగించేవాడు. గడ్డ పోలేదు, పెరగనూ లేదు. తొలకరికి చంద్రి మెల్లగా నీళ్లలో దిగింది. ఎందుకైనా మంచిదని పోలన్న మోకాలి లోతున పక్కనే నిలబడ్డాడు.

"బాబాయ్, నా నీళ్లన్నీ బురద చేస్తున్నావ్" అంది చంద్రి.

పెరగమని ఊదరగొట్టేవాడు కాదు, చాలని చెప్పేవాడే చుట్టం.