అగ్గిపుల్లంత తొడ ఎముక

ప్రశ్న అడిగితే తిన్నగా జవాబు చెప్పే అలవాటు పరాంకుశం మాస్టారికి పుట్టుకతోనే లేదు. ఎముకలు చదవడంలో ఆయనంతటి మనిషి ఏడు సముద్రాల మధ్య ఇంకొకరు లేరు. పక్క గదిలో ఎముక కింద పడిన చప్పుడు విని, అది ఎడమ కాలిదో కుడి కాలిదో కుర్చీలోంచి లేవకుండా చెప్పేవారు. ఒకసారి పులుసులో మేకకాలు చూసి, ఆ మేక ఏ కొండెక్కి మేసిందో చెబితే, వండినావిడ గరిటె కింద పెట్టి దండం పెట్టింది. అంతటివారూ శిష్యులకు నోటితో నేర్పింది తక్కువ. "పద, చూద్దాం" అని లేచేవారు, అంతే.

ఆ వేళ ప్రశ్న పెంచలమ్మది. ఐదేళ్లుగా ఆమె పరిశోధన అంతా ఒక్క ఎముక మీదే. పడమటి బొగ్గు గనిలో దొరికిన, అగ్గిపుల్లంత పొడవున్న తొడ ఎముక అది. ఐదు కోట్ల ఏళ్ల కిందట చెట్ల మీద బతికిన జంతువుది. కోతులకూ మనకూ తొలి తాతముత్తాతల వరస. మోకాలి దగ్గర చిప్ప జారే గాడి ఇరుగ్గా, లోతుగా ఉంది. బయటివైపు గట్టు ఎత్తుగా లేచింది. అది చూసి ఆమె "ఈ జంతువు దూకేది" అని రాసింది. రాసి ఊరుకుందా? "కొమ్మల్లో పాములకు భయపడి దూకేది" అని రాసింది. పరీక్షించడానికి వచ్చిన పెద్దాయన ఆ పేజీ ఎత్తి పట్టుకుని, "పక్క కొమ్మ మీద కూర్చుని చూశావా తల్లీ?" అన్నాడు. గదంతా నవ్వింది. మర్నాటికి సరిదిద్ది ఇవ్వకపోతే డాక్టరేటు లేదన్నారు.

"మొత్తం కొట్టేస్తాను సార్. ఎలా కదిలేదో తెలియదని రాసేస్తాను," అంది పెంచలమ్మ. "చచ్చినదాని ఎముక చూసి బతికినప్పటి నడక చెప్పగలమా అసలు?"

"పద, చూద్దాం."

వెళ్లింది ఎముకలు కట్టే గురవప్ప ఇంటికి. చూపు మందగించిన ముసలాయన, చూసేదంతా వేళ్లతోనే. వరండాలో కట్టు కోసం వచ్చినవాళ్లు బారులు తీరి కూర్చున్నారు. మాస్టారు రెండు స్తంభాలకు దుప్పటి కట్టించి, మనుషుల్ని అవతల కూర్చోబెట్టి, కాళ్లు మాత్రం ఇవతలికి చాపించారు.

"ఎవరి కాళ్లని అడగను గురవప్పా. ఏం చేసిన కాళ్లో చెప్పు."

"మళ్లా పందెమా పంతులూ?" అంటూనే ముసలాయన మొదటి పాదం పట్టి వంచాడు. "ఇది తాటిచెట్లెక్కే కాలు." దుప్పటి వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

పెంచలమ్మ ఊరుకోలేదు. "తాడు రాసుకుని కాయ కాసుంటుంది, అది తగిలింది నీకు. అది తోలు తాతా. నా దగ్గర తోలు లేదు."

"తోలు ఎవురు చూసినారు మే? పాదం వంచి చూసినా. కీలు ఎంతవరకు ఒప్పుకుంటే అంతవరకే వంగుతాది. ఇంత వంగిందంటే, అరికాలు మానుకు ఆనించి నిలబడిన కీలు ఇది."

రెండోది మగ్గం గుంటలో కూర్చునేవాడి కాలన్నాడు. అదీ నిజమే. మూడో మనిషిని చూస్తానంటూ మాస్టారు దుప్పటి వెనక్కి వెళ్లారు. కాసేపటికి మూడో కాలు ఇవతలికి వచ్చింది. గురవప్ప మోకాటి చిప్పను పక్కకు నెట్టాడు. అది తన గాడి వదల్లేదు. మడమ కింద తడిమాడు.

"ఇది దూకిన కాలు. ఒకసారి కాదు, వయసులో శానాసార్లు. కడాకు దూకినప్పుడు మడమ చీలి అతుక్కునింది."

"ఎందుకు దూకింది తాతా?"

గురవప్ప చెయ్యి తీసేశాడు. "కుక్క తరిమిందో, జామకాయ కోసమో, కాలికేం తెలుస్తాది మే? దూకింది. అంతవరకే నన్నడుగు."

దుప్పటి తొలగింది. పంచె సర్దుకుంటూ కూర్చున్నది మాస్టారే. ఆయన దూకిన దూకుళ్ల మీద ఊళ్లో పదిహేడు కథలున్నాయి. తొమ్మిదింటిలో ఎలుగుబంటి, మూడింటిలో పెళ్లికూతురు. అన్నీ ఆయన చెప్పినవే.

"వాటిలో ఏది నిజం సార్?"

మాస్టారు వంగి చెప్పుల కోసం వెతుక్కున్నారు.

పెంచలమ్మ అక్కడే, కట్టు చెక్కల పక్కన కూర్చుని పేజీ తీసింది. "కొమ్మల్లో పాములకు భయపడి" వరకు అడ్డంగా గీత కొట్టింది. దానికి ముందు గాడి లోతు, గట్టు ఎత్తు కొలతలతో సహా రాసింది. "దూకేది" అన్న మాట దగ్గర కలం ఒక్క క్షణం ఆగింది. తర్వాత దాన్ని ముట్టుకోకుండా దాటిపోయింది.

"రేపు మళ్లీ నవ్వితేనో సార్?"

మాస్టారు చెప్పుల్లో కాళ్లు దూర్చారు. "నవ్వనీ. పాముని పంపించేశావుగా, ఇక నీ జంతువుని నింపాదిగా దూకనీ."