నడిచొచ్చిన గుంజలు

కొండ కథ కాబట్టి ముందు ఒక్కసారి గోవిందా అనండి, తల్లులారా, తండ్రులారా! అందరూ అన్నారా? ఆ వెనక స్తంభానికి ఆనుకున్నాయన అనలేదు. సరే, కథ అయ్యేలోగా ఆయనచేతా అనిపిద్దాం.

పద్మసేన మహారాజుకు ఏడుమలుపుల కొండ మీది నరసింహస్వామి అంటే ప్రాణం. ఏటా శ్రావణంలో కాలినడకన కొండెక్కేవాడు. ఆ కొండకు రెండు కట్టుబాట్లు. ఎవరి మూట వాళ్లే మొయ్యాలి, కూలివాళ్లు పనికిరారు. పైన ఎండుపుల్ల కూడా విరవకూడదు, చెట్లన్నీ స్వామివే. గుడంటే చిన్న గుహ. స్వామి, దీపం, పూజారి, అంతే పడతారు. భక్తులంతా బయట బండ మీదే.

కిందటేడు ఆ బండ మీదే రాజు నిలువునా తడిసి, సాయంత్రం హారతి చూడకుండా దిగిపోయాడు. ఏడాదంతా ఆ ముల్లు మనసులో గుచ్చుతూనే ఉంది.

ఈసారి ప్రయాణానికి ముందు సభలో అన్నాడు: "ఒక్క మనిషి మోసుకెళ్లే గుడారం కావాలి. ఎవరి మూట తేలికో, ఎవరిది వానకు నిలుస్తుందో, వాళ్లకే గుడారాల అధికారం!"

అప్పటికి ఆ పదవి భుజంగరాయుడిది. మీసం ఎంత బారో, మాట అంత బారు.

"నన్ను మించినవాడెవడు ప్రభూ!" అన్నాడు.

"నేనూ ఒక మూట కట్టుకొస్తాను ప్రభూ," అంది ఒక గొంతు.

అది రాజుగారి తాంబూలపు పెట్టె మోసే గురవన్నది. పన్నెండేళ్లుగా రాజు పక్కనే తిరుగుతున్నాడు.

భుజంగరాయుడు పకపకా నవ్వాడు. "ఆకులకు సున్నం రాసేవాడివి, నీకెందుకయ్యా గుడారాలు? ఓడితే ఆ పెట్టె ఇక్కడ పెట్టి కోట దాటి వెళ్లిపోతావా?"

గురవన్న పెట్టె వంక ఒకసారి చూసుకున్నాడు. "వెళ్లిపోతాను," అన్నాడు.

కొండ కింద ప్రసాదం బెల్లం తూచే తక్కెడ ఉంది. అందులో మూటలు పెట్టారు. భుజంగరాయుడిది చిలకాకుపచ్చ పట్టు గుడారం. బరువు తగ్గాలని వెదురు గుంజల్ని చెక్కీ చెక్కీ చిటికెనవేలంత సన్నం చేశాడు. అయినా గురవన్న మూటే పైకి లేచింది.

విప్పి చూస్తే మైనం పూసిన గుడ్డ, కాస్త తాడు. అంతే!

"గుంజలేవిరా?" అన్నాడు రాజు.

"నడిచి వస్తున్నాయి ప్రభూ."

"భయంతో మతిపోయింది పాపం!" అన్నాడు భుజంగరాయుడు.

గురవన్న రెండు గట్టి చేతికర్రలు తెచ్చి ఉంచాడు, రొమ్మెత్తువి. ఒకటి రాజుకిచ్చి, ఇంకోటి భుజంగరాయుడి ముందు చాచాడు. "అధికారిగారూ, కొండదారి నిటారుగా ఉంటుంది, తీసుకోండి."

"ముసలాళ్లకివ్వవయ్యా!"

మొదటి మలుపులో భుజంగరాయుడు పాట పాడాడు. రెండో మలుపులో కూనిరాగానికి దిగాడు. మూడో మలుపులో రాగం పోయి రొప్పు మిగిలింది. నాలుగో మలుపులో బండ మీద చతికిలబడి, "ఏమోయ్ గురవన్నా... ఆ కర్ర... ఒకసారి ఇటివ్వు," అన్నాడు.

"అయ్యో, అంతకంటేనా!"

పైకి చేరేసరికి మబ్బు కమ్ముకొచ్చింది. భుజంగరాయుడు చకచకా పట్టు గుడారం లేపాడు. చూడముచ్చటగా ఉంది. రాజు ఒక అడుగు లోపల పెట్టబోయాడో లేదో, గాలి విసిరింది. పుటుక్కు, పుటుక్కుమని గుంజలన్నీ విరిగాయి. భుజంగరాయుడు పక్కనున్న చెట్టుకొమ్మ మీద చెయ్యి వేశాడు.

"చెయ్యి తియ్యి నాయనా! స్వామివారి చెట్టు!" అని గుహలోంచి పూజారి కేకేశాడు.

గురవన్న తాడు విప్పాడు. "ప్రభూ, తమరి కర్ర ఇప్పించండి. అధికారిగారూ, తమరిది కూడా."

రెండు కర్రలూ ఎదురెదురుగా నిలిపాడు. వాటి తలలకు తాడు చుట్టి, కొసలు రెండు పక్కలా బండరాళ్లకు బిగించాడు. తాడు మీద మైనం గుడ్డ వాల్చి, అంచుల మీద రాళ్లు పెట్టాడు. తమలపాకు చుట్టినంత సేపట్లో గుడారం నిలిచింది. రాజు వంగి లోపల కూర్చున్నాడు. వాన దంచింది. గాలి ఊపింది. గుడారం కదిలితే ఒట్టు!

భుజంగరాయుడు తడిసిన పట్టు నెత్తిన కప్పుకుని వానలోంచే అరిచాడు. "మోసం ప్రభూ! ఆ గుంజలు తక్కెడలో పెట్టలేదు! పైగా వాడి బరువు నాచేత మోయించాడు! కట్టుబాటు తప్పాడు, వాణ్ణి పంపించెయ్యండి!"

రాజు ముఖం గంభీరమైంది. "దీనికేమంటావు గురవన్నా?"

గురవన్న చేతులు జోడించాడు. "ఒక్క మాట అడగనివ్వండి ప్రభూ. అధికారిగారూ, స్వామి ఎదురుగా ఉన్నాడు, నిజం చెప్పండి. నాలుగో మలుపు నుంచి...

తమరు కర్రను మోశారా, కర్ర తమర్ని మోసిందా?"

భుజంగరాయుడు నోరు తెరిచాడు. నోటినిండా వాన నీళ్లు పోయాయి. రాజు తన అరచెయ్యి చూసుకున్నాడు. కర్ర మీద వాలీ వాలీ ఎర్రగా కందిపోయి ఉంది. ముందు ముసిముసిగా, తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. గుహలో పూజారి చేతిలో గంట కూడా నవ్వుతో ఊగిపోయింది.

రాజు తన వేలి ఉంగరం తీసి గురవన్న వేలికి తొడిగాడు. "గుడారాలన్నీ ఇక నీవే. తాంబూలపు పెట్టె మాత్రం వదలకు. నీ చేతి ఆకు లేకపోతే నాకు అన్నం అరగదు. ఇంకేం కావాలో అడుగు."

"అధికారిగారిని లోపలికి పిలవండి ప్రభూ, జలుబు చేస్తుంది. పైగా సగం ఇల్లు తెచ్చింది ఆయనే!"

భుజంగరాయుడు మీసాలు పిండుకుని, వంగి, లోపలికి దూరాడు. ముగ్గురూ మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నారు. ఎదురుగా స్వామికి హారతి వెలిగింది. ముగ్గురూ ఒక్క గొంతుతో ఏమన్నారో తెలుసా?

అడుగో, స్తంభం దగ్గరాయన ముందే అనేశాడు!